మైలేజీ తగ్గినంత ధర కూడా తగ్గించండి: పెట్రోలియం మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పెట్రోలియం, సహజ వాయువు శాఖ మంత్రి శ్రీ హర్దీప్ సింగ్ పురి గారికి,

నమస్కారం. నేను కాకినాడ జిల్లాలో రొయ్యల రైతులకు మేత అమ్మే ఒక కంపెనీలో ఫీల్డు ఉద్యోగిని. తాళ్ళరేవు, కాజులూరు, రామచంద్రపురం వైపు చెరువుల గట్ల మీద రోజంతా బండి మీద తిరగడమే నా ఉద్యోగం. కంపెనీ కిలోమీటరుకు ఇంత అని టీఏ ఇస్తుంది, ఆ రేటు ఏళ్ల తరబడి కదలదు, పెట్రోలు రేటు మాత్రం కదులుతూనే ఉంటుంది, ఆ తేడా అంతా జీతంలోంచి పోతుంది. మందుల కంపెనీల రెప్పులు, పాల సేకరణ కుర్రాళ్లు, ఫైనాన్సు కంపెనీల కలెక్షన్ బాయ్స్, పార్సిళ్లు తెచ్చేవాళ్లు, మా అందరి పరిస్థితీ ఇదే. మేం కొనేది సరదా షికార్ల కోసం కాదు సార్, పెట్రోలు కొట్టించకపోతే ఆ రోజు పని లేదు.

అడగాలనుకున్నది ముందే చెప్పేస్తాను. పెట్రోలులో ఇథనాల్ (చెరకు, ధాన్యం నుంచి తీసే ఆల్కహాల్) కలపొద్దని నేను అనడం లేదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి మైలేజీ తగ్గుతుందని మీ ప్రభుత్వమే ఒప్పుకుంది కాబట్టి, ఆ తగ్గిన మేరకు లీటరు ధర కూడా తగ్గించాలని అడుగుతున్నాను. ఇది నా సొంత డిమాండు కూడా కాదు, 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన ఇథనాల్ రోడ్‌మ్యాప్ నివేదికలోనే ఉంది. ఇథనాల్‌లో పెట్రోలు కన్నా శక్తి తక్కువ కాబట్టి, ఆ లోటు పూడేలా ఇలాంటి ఇంధనం చిల్లర ధర మామూలు పెట్రోలు కంటే తక్కువ ఉండాలని ఆ నివేదిక చెప్పింది. అందులోని 20 శాతం టార్గెట్‌ని తీసుకున్నారు, 2030 నాటి గడువుని 2025-26కి ముందుకు జరిపి మరీ సాధించారు. ధర గురించి రాసిన మాటని మాత్రం వదిలేశారు.

అంకెలు కూడా మీవే తీసుకుంటాను. ఎందుకంటే నా బండి మైలేజీ తగ్గిన మాట నిజమే గానీ, అందులో ఇథనాల్ వాటా ఎంత, బండి వయసు వాటా ఎంత, మా రోడ్ల గుంతల వాటా ఎంత అన్నది నేను విడదీసి చెప్పలేను. లీటరు ఇథనాల్‌లో లీటరు పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు శక్తి తక్కువ. పాత టూవీలర్లకు 3 నుంచి 4 శాతం, పాత కార్లకు 6 నుంచి 7 శాతం మైలేజీ పోతుందని నీతి ఆయోగ్ రాసింది. 2025 ఆగస్టులో మీ శాఖ ఇచ్చిన వివరణలో, ఈ20కి, అంటే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి, సర్దుబాటు చేసిన కార్లకు 1-2 శాతం, మిగతా వాటికి 3-6 శాతం అన్నారు. సరే, నాలుగు శాతమే అనుకుందాం. 2025లో మా దగ్గర లీటరు 109 రూపాయల చుట్టూ తిరిగింది. నాలుగు శాతం అంటే లీటరుకి నాలుగు రూపాయల పైన. నెలకి 40 లీటర్లు కొట్టించే మనిషికి 170 రూపాయల పైమాటే, ఏడాదికి రెండు వేలు దాటుతుంది. ఢిల్లీలో కూర్చుని చూస్తే ఇది చిన్న మొత్తమే కావచ్చు, పదిహేను, పద్దెనిమిది వేల జీతంలో పిల్లల పుస్తకాలో కరెంటు బిల్లో కట్టేది ఆ డబ్బుతోనే.

దీనికి 2025లో మీ శాఖ చెప్పిన జవాబు కూడా చదివాను. నీతి ఆయోగ్ ఆ మాట రాసినప్పుడు ఇథనాల్ చవక, ఇప్పుడు సగటున లీటరు 71 రూపాయల 32 పైసలకు కొంటున్నాం, రిఫైనరీ నుంచి వచ్చే పెట్రోలు కన్నా అదే ఎక్కువ పడుతోంది, ఇక ధర ఎలా తగ్గిస్తాం అన్నారు. ఈ మాటలో నిజం ఉంది, కాదనను. పన్నులు తీసేసి చూస్తే అప్పుడు పెట్రోలు నిజంగానే అంతకంటే తక్కువ పడింది. అయితే ఆ ఖరీదు ఎందుకు పెట్టారో కూడా మీరే చెప్పారు కదా సార్. విదేశీ మారకం మిగులుతుంది, రైతుకి డబ్బు వస్తుంది, కాలుష్యం తగ్గుతుంది అన్నారు. 2025 జులై వరకు పదకొండేళ్లలో 1.44 లక్షల కోట్ల రూపాయల విదేశీ మారకం ఆదా అయిందని మీ లెక్క. అది దేశానికంతటికీ వచ్చిన లాభం. దాని ఖర్చు మాత్రం దేశమంతా పంచుకోవడం లేదు, పాత బండి నడిపేవాడే ఎక్కువగా మోస్తున్నాడు. కొత్త కారు కొన్నవాడికి 1-2 శాతం నష్టం, ఏళ్ల నాటి కార్బురేటర్ బండి మీద బతికేవాడికి అంతకు రెండు మూడింతలు. ఎవరికి తక్కువ ఉందో వాళ్ల దగ్గరే ఎక్కువ తీసుకుంటున్నట్టు కాదా ఇది?

ఇంకో సంగతి ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడగా నేను వినలేదు. పెట్రోలు మీద పన్ను కిలోమీటరు లెక్కన ఉండదు, లీటరు లెక్కన ఉంటుంది. కేంద్రం ఎక్సైజ్ లీటరుకింత అని, మా రాష్ట్రం వ్యాట్ 31 శాతం, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. మైలేజీ తగ్గితే అదే దూరానికి ఎక్కువ లీటర్లు కొనాలి, ఎక్కువ లీటర్లంటే ఎక్కువ పన్ను. మేం తిరిగే దూరం పెరగలేదు, జీతం పెరగలేదు, కట్టే పన్ను పెరిగింది. బడ్జెట్లో ప్రకటించకుండా, పార్లమెంటులో చర్చ లేకుండా పెరిగిన పన్ను ఇది. నాకు అసలు కోపం ఇక్కడే.

మా యానాం సంగతి మీకు ఎవరైనా చెప్పారో లేదో. కాకినాడ నుంచి బండి మీద గంటలోపు దూరం, పుదుచ్చేరిది. అక్కడ వ్యాట్ తక్కువ కాబట్టి లీటరు మాకంటే పది రూపాయలకు పైగా తక్కువ. తాళ్ళరేవు దాటి అటు పని పడిన ప్రతివాడూ యానాంలోనే ట్యాంకు ఫుల్ చేయించుకుని వస్తాడు. అదే కంపెనీ పెట్రోలు, మధ్యలో ఉన్నది పన్ను తేడా ఒక్కటే. అందుకే ఈ లేఖ మీకు రాసినా ఇందులో సగం మా రాష్ట్ర ప్రభుత్వానికి కూడా చెందుతుంది. కేంద్రాన్ని అడిగితే రాష్ట్రాల వ్యాట్ అంటారు, రాష్ట్రాన్ని అడిగితే కేంద్రం సెస్సులు అంటారు, జీఎస్టీలోకి తెమ్మంటే ఇద్దరూ ఒకటవుతారు.

ధర తగ్గించే దారి లేదంటే నమ్మడం కష్టం. 2020లో కరోనాతో ముడి చమురు పడిపోయినప్పుడు ఆ లాభం మాకు రాలేదు, మార్చిలో 3 రూపాయలు, మే నెలలో 10 రూపాయలు ఎక్సైజ్ పెంచి ఆ జాగా నింపేశారు. తర్వాత చమురు పెరిగితే మాత్రం అంతర్జాతీయ మార్కెట్ అన్నారు, 2022 ఏప్రిల్‌లో మా వైపు లీటరు 120 దాకా వెళ్లింది. అప్పుడు మే నెలలో 8 రూపాయలు తగ్గించారు, ఆ మాట కూడా చెప్పాలి, అది నిజమైన ఊరట. ఆ తర్వాత 2023-24లో మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకు కలిపి దాదాపు 81 వేల కోట్ల లాభం వచ్చింది, మాకు వచ్చింది ఎన్నికల ముందు 2 రూపాయలు. 2025 ఏప్రిల్‌లో చమురు దిగితే మళ్లీ ఎక్సైజ్ 2 రూపాయలు పెంచారు, బంకులో రేటు మారదని ఓదార్చారు. మారకపోవడమే మా బాధ సార్, తగ్గాల్సినప్పుడు తగ్గలేదు.

ఇక పాత బండ్ల సంగతి. రబ్బరు పార్టులు, గ్యాస్కెట్లు 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని పాత బండ్లలో మార్చాల్సి రావచ్చు, ఖర్చు తక్కువే, సర్వీసింగ్‌లో అయిపోతుంది అని మీ శాఖ రాసింది. ఆఫీసుకి వెళ్లి వచ్చేవాడికి అది నాలుగైదేళ్ల దూరం కావచ్చు, ఫీల్డు మనిషికి ఒక్క ఏడాది. పార్టుల ఖర్చు సరే, ఆ పూట బండి షెడ్డులో ఉంటే ఆ పూట కూలి ఎవరిస్తారు? పైగా ఇథనాల్‌కి నీటిని పీల్చుకునే గుణం ఉంది. మాది గోదావరి డెల్టా, చెరువులు, కాలువలు, వర్షాకాలమంతా తడి. ట్యాంకులోకి నీరు చేరితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకి దిగుతాయి, బండి ఎక్కడో గట్టు మీద ఆగిపోతుంది. వీటి మీద మా తీర ప్రాంతాల్లో పరీక్షలు చేసి ఫలితాలు తెలుగులో కూడా బయట పెడితే సగం పుకార్లు వాటంతట అవే ఆగుతాయి.

బంకులో రాయించమని కూడా అడుగుతున్నాను. మేం అమ్మే మేత బస్తా మీద ప్రోటీన్ ఎంత శాతమో అచ్చు వేసి ఉంటుంది, శాతం తక్కువున్న మేతకి రేటూ తక్కువే, రైతు చదివి మరీ కొంటాడు. పెట్రోలు పంపు మీద ఇథనాల్ ఎంత శాతమో కనిపించేలా రాయడానికి ఏం అడ్డం? మా వైపు చాలా బంకుల్లో ఆ బోర్డే కనపడదు, అడిగితే కుర్రాడికి తెలియదు. బ్రెజిల్‌ని మనం ఎప్పుడూ ఉదాహరణగా చెప్పుకుంటాం కదా, అక్కడ ఒకే బంకులో ఇథనాల్, ఇథనాల్ కలిపిన పెట్రోలు రెండూ అమ్ముతారు. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపు ఉంటేనే గిట్టుబాటు అని అక్కడ మామూలు డ్రైవరు కూడా లెక్క వేసుకుంటాడు. వాళ్ల దగ్గర 2003 నుంచి రెండింటితోనూ నడిచే కార్లు ఉన్నాయి, ఎంచుకునే వీలుంది. బ్రిటన్‌లో 2021లో 10 శాతానికి వెళ్లినప్పుడు పాత బండ్ల కోసం 5 శాతం రకాన్ని సూపర్ గ్రేడ్‌లో ఉంచారు. మా వైపు బంకుల్లో అలా ఎంచుకునే వీలే లేదు. దీని మీద వేసిన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది, కాబట్టి ఇప్పుడు అడగాల్సింది మిమ్మల్నే.

రైతు పేరు చెప్పి మమ్మల్ని ఊరుకోమంటే ఊరుకోలేను, ఎందుకంటే నేను రోజూ మాట్లాడేది రైతులతోనే. ఇథనాల్ ఫ్యాక్టరీలు మొక్కజొన్న కొనడంతో రేటు వచ్చిన మాట నిజం, ఆ రైతు సంతోషపడ్డాడు, అది మంచిదే. అదే సమయంలో 2024లో దేశం మొక్కజొన్న దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది, అనపర్తి వైపు కోళ్ల ఫారాల వాళ్లు దాణా ఖర్చుతో అల్లాడిపోయారు. మళ్లీ 2025 ఖరీఫ్ పంట వచ్చేసరికి క్వింటాలుకి 2,400 రూపాయల మద్దతు ధర ఉన్నా చాలా మార్కెట్లలో అంత పలకలేదు. అంటే ఇథనాల్ ఉన్నా రైతుకి గ్యారంటీ లేదు. ఇక బియ్యం. భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ)కి కిలో దాదాపు 40 రూపాయలు పడే బియ్యాన్ని డిస్టిలరీలకు 22 రూపాయల 50 పైసలకు ఇచ్చారు, 52 లక్షల టన్నుల దాకా. మా డెల్టాలో పండిన ధాన్యం చివరికి బండి ట్యాంకులోకి చేరుతోంది, ఆ సబ్సిడీ కూడా పన్ను కట్టేవాళ్లదే. ఫ్యాక్టరీ పక్కన ఉండే ఊళ్ల బాధ ఇంకోటి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం రోడ్డెక్కితే పనులు ఆపాల్సి వచ్చింది. నీళ్లు, వాసన, వ్యర్థాల గురించి వాళ్లడిగిన ప్రశ్నలకు ముందే జవాబు చెప్పి ఉంటే అంతదాకా వచ్చేది కాదు. ఎండుగడ్డి నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు పానిపట్‌లో 2022లోనే మొదలైంది, తిండి గింజలు ముట్టుకోని ఆ దారిని పెంచితే మా వైపు కోతలయ్యాక తగలబెట్టే గడ్డికీ ఒక విలువ వస్తుంది. గతంలో బయోడీజిల్ కోసం పెంచమన్న జట్రోఫా మొక్క విషయంలో ఏం జరిగిందో మా జిల్లాల్లో పెద్దవాళ్లకి ఇంకా గుర్తుంది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ అంది, మొక్కలు నాటమన్నారు, తర్వాత కొనేవాడు లేడు.

ఎలక్ట్రిక్ బండి కొనుక్కోవచ్చు కదా అంటారు. టౌనులో తిరిగేవాడు కొనుక్కోవడమే మంచిది, నేనూ అదే చెబుతాను. రోజంతా చెరువుల మధ్య తిరిగే మాకు దారిలో ఛార్జింగ్ ఎక్కడ? సబ్సిడీ కూడా ఏటా తగ్గిస్తూ వచ్చారు. సీఎన్‌జీ ఆటోలు కాకినాడలో బాగానే తిరుగుతున్నాయి. గ్యాస్ మా కృష్ణా గోదావరి బేసిన్‌లోనే దొరుకుతున్నా మండలాల్లో బంకులు లేవు, ఉన్నచోట క్యూ. ఈ దారులన్నీ తెరుచుకునే వరకు కోట్ల మందికి పెట్రోలు తప్ప వేరే గతి లేదు.

20 శాతం అయిపోయింది, ఇక 27, 30 అన్న మాటలు వినిపిస్తున్నాయి. శాతం పెరిగిన కొద్దీ మైలేజీ ఇంకా తగ్గుతుంది, పాత బండ్లకి ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. అందుకే ఆ తదుపరి శాతాన్ని ప్రకటించే ముందే, ఇప్పుడున్న 20 శాతానికి లీటరు మీద ఎంత తగ్గిస్తారో, ఎక్సైజ్‌లో తగ్గిస్తారో కంపెనీల లాభంలోంచి ఇప్పిస్తారో తేల్చి, ఆ తేదీ చెప్పండి. మా ముఖ్యమంత్రి గారిని కూడా మీరే పిలిచి వ్యాట్‌లో వాళ్ల వాటా ఎంత తగ్గిస్తారో అడగండి.

ఇట్లు,
కాకినాడ జిల్లా నుంచి ఒక ఫీల్డు ఉద్యోగి