వాల్వ్ విరిగింది, స్టెప్నీ లేదు: వారంటీ తిరస్కరణపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: టైర్ ప్రెషర్ సెన్సార్ వాల్వ్ విరిగిపోవడం, వారంటీ ఇవ్వకపోవడం గురించి

అయ్యా,

నేను విశాఖపట్నం పెదవాల్తేరులో ఉంటున్నాను. మీ కంపెనీ కారు వాడుతున్నాను, వారంటీ ఇంకా ఉంది. సర్వీసులన్నీ మీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించాను.

గత నెల కుటుంబంతో అరకు వెళ్లి వస్తుంటే డ్యాష్‌బోర్డ్ మీద టైరు గుర్తు వెలిగింది. ఘాట్ దిగాక శృంగవరపుకోటలో పెట్రోలు బంకు దగ్గర ఆపాం. గాలి కొట్టే కుర్రాడు వెనక ఎడమ టైరుకు పైపు పెట్టగానే వాల్వ్, అంటే గాలి ఎక్కించే గొట్టం, మొదలంటా విరిగి ఊడి వచ్చింది. టైరులో గాలి ఎంతుందో చూసే ప్రెషర్ సెన్సార్ దానికే లోపలి వైపు బిగించి ఉంటుంది. చూస్తుండగానే టైరు నేలకు అంటుకుపోయింది. డిక్కీలో స్టెప్నీ లేదు. మీరిచ్చిన పంచర్ కిట్ ఉంది. కానీ అందులోని మందు ఎక్కించాల్సింది వాల్వ్ లోంచే. ఆ వాల్వే లేకపోతే కిట్ ఎందుకు పనికొస్తుంది? చీకటి పడ్డాక మా అమ్మను బంకులో కూర్చోబెట్టి, వేరే కారు మాట్లాడుకుని ఇంటికి చేరాం. కారును మర్నాడు టోయింగ్ చేయించాను.

మీ సర్వీస్ సెంటర్ వాళ్లు "బయటి దెబ్బ వల్ల విరిగింది, వారంటీ వర్తించదు" అని రాసిచ్చారు. దీన్ని నేను ఒప్పుకోను. రాయి తగిలితే రిమ్ మీదో, వాల్వ్ మీదో గీత ఉండాలి కదా. ఎక్కడా లేదు. విరిగిన చోట మాత్రం సున్నం పట్టినట్టు తెల్లటి పొడి ఉంది, లోహం గుల్లబారిపోయింది. మిగిలిన మూడు చక్రాల వాల్వ్ నట్ల చుట్టూ కూడా అదే పొడి ఉంది. నాలుగు చక్రాలకూ ఒకే చోట దెబ్బ తగులుతుందా?

ఇది తుప్పు. మీ వాల్వ్ అల్యూమినియంది. అలాంటి వాల్వ్ లోపల గాలిని ఆపే పిన్ నికెల్ పూత ఉన్నదే వేయాలి. మామూలు ఇత్తడి పిన్ వేస్తే, ఉప్పు తేమ తగిలినప్పుడు రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై అల్యూమినియాన్ని తినేస్తుంది. విరిగిన వాల్వ్‌లో పసుపు రంగు ఇత్తడి పిన్ ఉంది. పిన్‌లు మార్చినట్టు మీ సర్వీస్ సెంటర్ బిల్లులోనే ఉంది. బీచ్ రోడ్డు నుంచి భీమిలి దాకా ఉప్పు గాలి తగలని కారు ఈ ఊళ్లో ఉండదు. ఇక్కడ కార్లు అమ్ముతున్న మీకు ఆ సంగతి తెలియదని ఎలా అనుకోను?

ఇంకో అన్యాయం, వాల్వ్ విడిగా దొరకదట, సెన్సార్‌తో కలిపి మొత్తం కొనాలట. టైరు విప్పితే సెన్సార్ లోపలే దొరికింది. టూల్‌తో చూస్తే సిగ్నల్ కూడా ఇస్తోంది. చిన్న గొట్టం పాడైతే బాగున్న సెన్సార్‌ను ఎందుకు పారేయాలి?

అసలు బాధ ఇది. 2020లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, 3.5 టన్నుల లోపు ప్రయాణికుల కార్లలో ట్యూబ్‌లెస్ టైర్లు, టైర్ ప్రెషర్ సెన్సార్ వ్యవస్థ, రిపేర్ కిట్ ఉంటే స్టెప్నీ అక్కర్లేదంది. అంటే ఆ సెన్సార్‌ను నమ్ముకునే మీరు స్టెప్నీ తీసేశారు. ఆ సెన్సార్ వాల్వే టైరును ఖాళీ చేస్తే, అది మీ బాధ్యత కాదనడం కుదరదు.

నాలుగు చక్రాలకూ సెన్సార్ వాల్వ్‌లు ఉచితంగా మార్చి, సరైన పిన్‌లు వేయాలి. టోయింగ్‌కు, ఆ రాత్రి కారుకు అయిన ఖర్చు తిరిగివ్వాలి. వాల్వ్‌ను విడి భాగంగా అమ్మాలి. ఈ కారు కొన్నవాళ్లకు స్టెప్నీ కూడా ఇవ్వాలని నా కోరిక, ముఖ్యంగా సముద్రతీర ఊళ్లవాళ్లకు. తిరస్కరణ మీద నిలబడతామంటే, విరిగిన ముక్కను ఎవరు పరీక్షించారో, ఏం తేలిందో రాతపూర్వకంగా చెప్పండి. ఆ ముక్క నా దగ్గరే భద్రంగా ఉంది. ఫొటోలు, బిల్లులు జతచేశాను.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద విశాఖపట్నం జిల్లా కమిషన్‌కు వెళ్తాను. ప్రస్తుతం ఆ చక్రానికి మామూలు రబ్బరు వాల్వ్ వేయించి నడుపుతున్నాను. మిగిలిన మూడూ ఎప్పుడు విరుగుతాయోనన్న టెన్షన్‌తో కారును ఊరు దాటించడం లేదు. కాబట్టి ముందు ఆ మూడింటినీ వెంటనే చూడమని మీ సర్వీస్ సెంటర్‌కు చెప్పండి.

ఇట్లు,
మీ కారు యజమాని,
పెదవాల్తేరు, విశాఖపట్నం