హాంబర్గర్ కీమాను కడగొద్దు, పిసకొద్దు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో హాంబర్గర్‌ను, అంటే బన్ను మధ్య పెట్టుకునే కీమా బిళ్లను, ఇంట్లో నిప్పుల మీద కాల్చుకునే పద్ధతి ఇచ్చారు. కీమాను రెండు నీళ్లు కడిగి, ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద, గుడ్డు, రస్కు పొడి వేసి, పది నిమిషాలు బాగా పిసికి, ఎర్రగా వచ్చేదాకా కాల్చమన్నారు. అలా చేస్తే చేతికి వచ్చేది గట్టి కట్లెట్. రుచి సంగతి అటుంచితే, పైన ఎర్రబడింది కదా అని లోపల ఉడికిందనుకోవడం ఆరోగ్యానికే ముప్పు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో మీ పత్రిక చూసి వండుకునే తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు మాంసం సంగతి. అమెరికాలో హాంబర్గర్ అంటే గొడ్డు మాంసమే. నూరు పాళ్లలో 80 మాంసం, 20 కొవ్వు అన్నది అక్కడి లెక్క. మన దేశంలో 1996లో మెక్‌డొనాల్డ్స్ ఢిల్లీలో తొలి దుకాణం తెరిచినప్పుడు గొడ్డు మాంసం జోలికి పోకుండా మటన్‌తోనే మొదలుపెట్టింది. గంజాం వైపు ఇళ్లలోకి వచ్చేది ఎక్కువగా వేట మాంసం (మేక, గొర్రె), కోడి. వేట మాంసంలో కొవ్వు తక్కువ కాబట్టి విడిగా అడిగి కలుపుకోవాలి. ఒడియా వాళ్లు ఖాసీ అనే విత్తుకొట్టిన మేకపోతు దొరికితే మంచిది, దానికి కొవ్వు బాగా పడుతుంది. కిలో కీమాకు ముందు జబ్బ మాంసం 850 గ్రాములు, కడుపులోని తెల్ల కొవ్వు 150 గ్రాములు సరిపోతాయి. అమెరికా లెక్క చూసి 200 గ్రాములు వేయకండి. వేట కొవ్వు చల్లారితే చప్పున పేరుకుని అంగిలికి అంటుకుంటుంది. కోడి అయితే రొమ్ము ముక్క ఒక్కటే పనికిరాదు, పొడిపొడిగా ఎండిపోతుంది. ఎముక తీసిన తొడ మాంసం 900 గ్రాములు, తోలు 100 గ్రాములు తీసుకోండి. కొట్టువాళ్లు అడక్కుండానే తోలు తీసి పారేస్తారు, ముందే చెప్పి ఉంచుకోవాలి.

మన ఇళ్లలో కీమా తేగానే పసుపు నీళ్లలో వేసి కడగడం అలవాటు. కూరకైతే పరవాలేదు, ఆ నీరు ఎలాగూ ఇగిరిపోతుంది. బర్గర్‌కు అదే చేటు. సన్నగా తరిగిన మాంసం పట్టుకున్న నీరు పిండినా పూర్తిగా పోదు. కాల్చేటప్పుడు ఆ నీరంతా ఆవిరయ్యేదాకా పైభాగం వేడి నూరు డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీలు దాటాలి. ఈలోగా లోపలి రసం కారిపోతుంది, బిళ్ల విచ్చిపోతుంది. కడగాలనుకుంటే కొట్టించకముందే ముక్కల్ని కడిగి, జల్లిబుట్టలో ఓడ్చి, పొడిగుడ్డతో తుడవండి. కడిగిన నీళ్లు పక్కనున్న కూరల మీద చిందకుండా చూసుకోండి.

కొట్టులో మిషన్ పట్టిస్తే ముందటి మాంసం లోపల మిగిలి ఉండొచ్చు. కళ్ల ముందు మొద్దు మీద కత్తితో కొట్టించుకోవడం మేలు. ఇంట్లో మిక్సీ అయితే ముక్కల్ని, కొవ్వునీ, జార్‌నీ అరగంట డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. అంచులు గట్టిపడ్డాక ఒక్కో విడతకు 150 గ్రాములకు మించకుండా వేసి, ఆపి ఆపి నాలుగైదుసార్లు తిప్పండి. ఏకధాటిగా తిప్పారా, బ్లేడు వేడికి కొవ్వు కరిగి అంతా ముద్దవుతుంది. మాంసం పెసరగింజంత పలుకుగా విడివిడిగా కనబడాలి.

ఇక ఉప్పు. మీ వంటకంలో అసలు పొరపాటు ఇక్కడే ఉంది. ఉప్పు మాంసంలోని మయోసిన్ అనే ప్రోటీన్‌ను కరిగిస్తుంది. పిసికితే ఆ కరిగిన ప్రోటీన్ జిగురై పలుకులన్నిటినీ ఒకదానికొకటి అతికిస్తుంది. శీఖ్ కబాబ్ ఊచకు అంటుకుని నిలవాలి కాబట్టి దానికి ఈ జిగురు కావాలి. బర్గర్ పంటి కింద విడిపోవాలి కాబట్టి దీనికి వద్దు. కీమాలో ఉప్పు కలపకండి. బిళ్ల చేశాక, నిప్పుల మీద వేయబోయే ముందు, రెండువైపులా పైన చల్లండి. 120 గ్రాముల బిళ్లకు మొత్తం పావు టీస్పూను చాలు, మిరియాల పొడి కూడా అప్పుడే.

అల్లం మాటకొస్తే, పచ్చి అల్లంలో మాంసాన్ని కరిగించే ఎంజైమ్ ఉంటుంది, పచ్చి బొప్పాయిలో మరీ ఎక్కువ. ముక్క మాంసం మెత్తబడటానికి పనికొస్తాయి గానీ కీమాకు తగిలితే పిండిపిండిగా చేస్తాయి. పచ్చి ఉల్లి లోపల వేస్తే నీరు వదిలి అక్కడే బిళ్ల చీలుతుంది, దాన్ని చక్రాలుగా కోసి నిప్పుల మీద కాల్చి పైన పెట్టుకోండి. వేట మాంసానికి గుడ్డు, రస్కు పొడి ఏవీ అక్కర్లేదు. కోడి కీమా మరీ జారుగా ఉంటే అరకిలోకు రెండు టేబుల్‌స్పూన్ల రస్కు పొడి వేయొచ్చు, అంతే.

బిళ్ల 120 గ్రాములు, రెండు సెంటీమీటర్ల మందం, బన్ను కంటే చుట్టూ ఒక సెంటీమీటరు వెడల్పు. కాలితే ముడుచుకుంటుంది, అందుకే ఆ అదనం. అంచులు ముందు బిగిసి మధ్యభాగాన్ని పైకి తోస్తాయి. నడుమ బొటనవేలితో అర సెంటీమీటరు గుంట నొక్కితే ఉబ్బకుండా సమంగా కాలుతుంది. చేతులు తడి చేసుకుని, ఒత్తీ ఒత్తనట్టు ఆకారం ఇచ్చి, కాల్చేదాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి. మన ఎండాకాలంలో 32 డిగ్రీలు దాటాక పచ్చి కీమా గంటకు మించి బయట ఉండకూడదు.

కుంపటిలోకి కట్టెబొగ్గు, సరుగుడుదైనా తుమ్మదైనా వాడండి. టీ కొట్ల పొయ్యిల్లో కనిపించే రాక్షసిబొగ్గు ఎంతమాత్రం వద్దు, దాని గంధకపు పొగ మాంసానికి పడుతుంది. కిరసనాయిలు పోసినా అంతే, ఆ వాసన చివరిదాకా వదలదు. కొబ్బరి పీచు, ఎండు తాటాకు ఉంటే బొగ్గు చక్కగా అంటుకుంటుంది. పైన వేసే జాలీ స్టీలుదో పూత లేని ఇనుపదో కావాలి. కోళ్ల గూటికి వాడే తెల్ల జింకు పూత జాలీ, పాత ఫ్రిజ్ అర ఈ పనికి వాడకూడదు, వేడికి ఆ పూత విషం. వాన పడుతోందని కుంపటిని గదిలోకి తేకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, తలుపులు వేసిన గదిలో ప్రాణాలు తీస్తుంది.

బొగ్గు మీద తెల్లటి బూడిద పరుచుకున్నాక నిప్పులన్నీ కుంపటిలో ఒక పక్కకు తోసి, రెండో పక్క ఖాళీగా ఉంచండి. జాలీకి జానెడు ఎత్తున అరచెయ్యి పెడితే మూడు సెకన్లకు మించి తాళలేనంత వేడి ఉండాలి. జాలీకి నూనె రాసి బిళ్ల వేయండి. అంటుకుంటే పీకకండి, ఎర్రబడ్డాక దానంతటదే వదులుతుంది. వేట బిళ్లకు ఒక్కో వైపు నాలుగు నిమిషాలు, కోడికి మంట తగ్గించి ఐదారు. కొవ్వు కారి మంట లేస్తే నీళ్లు చల్లకుండా బిళ్లను ఖాళీ పక్కకు జరపండి. అట్లకాడతో నొక్కితే చుయ్‌మని వచ్చే చప్పుడు చెవికి బాగుంటుంది గానీ, నిప్పుల్లోకి కారిపోయేది మీరు తినాల్సిన రసమే.

ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం. ముక్క మాంసంలో క్రిములు పైపొర మీదే ఎక్కువ, పైన కాలితే చస్తాయి. కీమా కొట్టినప్పుడు అవి లోపలంతా కలిసిపోతాయి. 1993లో అమెరికాలో సరిగా ఉడకని హాంబర్గర్ల వల్ల 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. కారణం ఇ.కోలై ఓ157 అనే బాక్టీరియా. కొన్నిసార్లు మాంసం తగినంత వేడెక్కకముందే లోపల గోధుమరంగుకు తిరుగుతుంది, కాబట్టి గులాబీ రంగు పోయిందన్న గుర్తు నమ్మదగింది కాదు. సూది థర్మామీటరును బిళ్ల పక్కనుంచి సరిగ్గా మధ్యకు గుచ్చండి. వేట మాంసానికి 71 డిగ్రీల సెల్సియస్, కోడికి 74 రావాలి. పచ్చి బిళ్లలు పెట్టిన పళ్లెంలోనే కాల్చినవి తిరిగి పెట్టొద్దు.

మన బేకరీ బన్నుల్లో తీపి ఎక్కువ. టూటీ ఫ్రూటీ లేనిదీ, అదే పూట చేసిందీ అడిగి తెచ్చుకోండి. కోసిన వైపు వెన్న రాసి అర నిమిషం కాలిస్తే రసానికి నానిపోదు. చీజ్ స్లైసు దించడానికి నిమిషం ముందు వేయాలి. ఛెనా గానీ పనీర్ గానీ పెట్టి కరగలేదని చింతపడొద్దు, పులుపుతో విరిచినవి కరగవు. పైన టమాటా, ఆవ ముద్ద కలిపిన పెరుగు బాగుంటాయి. పెరుగును గుడ్డలో కట్టి నీరు ఓడ్చాకే ఆవ కలపండి.

వచ్చే ఆదివారం ఈ సవరణలు వేయమని కోరుతున్నాం. మొత్తానికి చోటు లేకపోతే కీమా లోపలి వేడి ఎంత ఉండాలో చెప్పే ఆ రెండు అంకెలైనా వంటకం పేరు కిందే అచ్చు వేయండి.

ఇట్లు
మీ పాఠకులు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా