కేసు వేసేదాకా ఎందుకు ఆగాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా తమ్ముడి కేసు కోసం ఈమధ్య నాలుగైదుసార్లు ఫ్యామిలీ కోర్టుకు వెళ్లాను. మొదటిరోజు వరండాలో ఒకే బెంచీకి ఆ చివర భర్త, ఈ చివర భార్య, మధ్యలో మూడేళ్ల పాప బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని నాన్నకొకటి, అమ్మకొకటి పెట్టి వస్తోంది. పాప పెట్టింది ఇద్దరూ తింటున్నారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

మావాళ్ల గొడవ మొదలైంది నెలకు ఎనిమిది వేల దగ్గర. మా మరదలు తన జీతంలోంచి పుట్టింటికి పంపుతోందని వాడు ఫోన్‌పేలో చూశాడు. ఎందుకని ఆమెనే అడిగి ఉంటే సరిపోయేది, వెళ్లి మా అమ్మకు చెప్పాడు, అమ్మ వియ్యపురాలికి ఫోన్ చేసింది, అక్కణ్నుంచి పెద్దమనుషులు, పంచాయితీ, మహిళా పోలీస్ స్టేషన్, లాయర్లు.

రాజీకి ముందు ప్రయత్నించాలని 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. మంచిదే. కానీ అది కేసు వేశాక కదా, అప్పటికి ఇరువైపులా అనరాని మాటలన్నీ అనేసుకుని ఉంటారు.

క్యాథలిక్ చర్చిల్లో పెళ్లికి ముందే జంటను కూర్చోబెట్టి క్లాసులు చెబుతారు. ఆ పని మన ప్రభుత్వాలు ఎందుకు చేయకూడదు? పెళ్లి రిజిస్ట్రేషన్‌కు వచ్చినప్పుడే ఒక పూట కౌన్సెలర్ ముందు కూర్చోబెట్టి జీతం ఎలా వాడుకుంటారు, ఇరువైపుల తల్లిదండ్రుల్ని ఎలా చూసుకుంటారు, పిల్లలు ఎప్పుడు అని వాళ్ల నోటితోనే చెప్పించాలి, ఏడాదికి మళ్లీ ఒకసారి పిలవాలి. తెలంగాణలో కళ్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయలు ఇస్తున్నారు, దాంతోపాటు ఇదీ పెట్టొచ్చు. కొట్టే మొగుడి దగ్గర సర్దుకుపొమ్మని మాత్రం ఎవరూ చెప్పకూడదు, అలాంటివాళ్లకు మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్ అదే రోజు రాసివ్వాలి.

మేమూ మొదట్లో డబ్బు దగ్గరే పోట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు జీతం పడ్డాక వచ్చే ఆదివారం పిల్లలు పడుకున్నాక నోట్‌బుక్ ముందేసుకుని కూర్చుంటాం. ఒక్కోసారి గొంతులు లేస్తాయి, అయినా ఆ మాట మా ఇద్దరి మధ్యే తేలిపోతుంది.

పోయిన వాయిదాకు కోర్టులో తమ్ముణ్ని, మరదల్ని ఒక గదిలో కూర్చోబెట్టారు, మమ్మల్నెవర్నీ రానివ్వలేదు. నలభై నిమిషాల తర్వాత వాడు బయటికొచ్చి, "వాళ్ల తమ్ముడి కాలేజీ ఫీజు కోసమట అక్కా, నాకు తెలీదు" అన్నాడు.

- ఒక పాఠకురాలు, ఖమ్మం