మూడు సెట్లకు ఒకే మీటరు పెట్టాను, తప్పు నాదే

రాయగడ, గుణుపురం, మునిగుడ వైపు నా చేత సోలారు పెట్టించుకున్న వారందరికీ నమస్కారం. మీ ఇంట్లోనో ఫారంలోనో ఒకటికి మించి బ్యాటరీ సెట్లు ఉంటే ఇది చివరిదాకా చదవండి. ఒకే సెట్టు ఉన్నవారికి ఇందులో పెద్దగా పని లేదు.

గత నెల మునిగుడ అవతల ఒక నాటుకోళ్ల హేచరీలో తెల్లవారుజామున 3.40కి ఇన్వర్టరు ఆగిపోయింది. ఫారం వాగు అవతల ఉంది, కరెంటు స్తంభాలు ఇవతలి గట్టునే ఆగిపోయాయి. కాబట్టి అక్కడ ఏది తిరిగినా సోలారు మీదే. ఇంక్యుబేటరులో పద్దెనిమిదో రోజు గుడ్లు ఉన్నాయి. ఆ దశలో పిల్లకు గాలి ఆడాలి, ఫ్యాను ఆగితే లోపలే ఉక్కిరిబిక్కిరి అయిపోతుంది. తెల్లవారాక ఫారం పిన్నిగారు ఫోను చేసి నన్ను తిట్టలేదు. "మీటరు 55 శాతం చూపిస్తోంది బాబూ, మరి కరెంటు ఎందుకు పోయింది?" అని మాత్రం అడిగారు. తిట్టినా బాగుండేది. నా దగ్గర జవాబు లేదు.

అక్కడ 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీలు, అంటే నీళ్లు పోసే సీసం బ్యాటరీలు, పన్నెండు ఉన్నాయి. నాలుగేసి కలిపి 48 వోల్టుల సెట్టు, అలాంటివి మూడు. మూడింటి నెగెటివ్ తీగలూ ఒక చోట కలిసి, ఒకే షంటు గుండా ఇన్వర్టరుకు వెళ్తాయి. షంటు అంటే లెక్కకట్టిన ఇత్తడి, రాగి ముక్క లాంటిది. దాని గుండా ఎంత కరెంటు పోతే అంత చిన్న వోల్టేజీ తేడా వస్తుంది, మీటరు దాన్ని చదివి ఆంపియర్లుగా చెబుతుంది. వచ్చింది ఎంత, పోయింది ఎంత అని కూడికలు తీసివేతలు చేసి శాతం చూపిస్తుంది. మొత్తం 450 ఏహెచ్ అని దానికి చెప్పింది నేనే. అది నా మాట నమ్మింది.

మర్నాడు సాయంత్రం డీసీ క్లాంపు మీటరు పట్టుకుని వెళ్లాను. తీగ చుట్టూ పట్టిస్తే చాలు, అందులో పోయే డీసీ, అంటే బ్యాటరీ కరెంటు, ఎంతో చెబుతుంది. లోడు నడుస్తుండగా ఒక్కో సెట్టు తీగకూ తగిలించి చూశాను. మొదటిది 11.8 ఆంపియర్లు ఇస్తోంది. రెండోది 11.2. మూడోది 1.4. బిగింపు వదులుగా ఉందేమోనని దాన్ని మళ్లీ బిగించి చూశాను, అదే 1.4.

తరువాత లోడు మొత్తం ఆపించాను. గోడ మీద మీటరు సున్నా చూపించింది, అంటే అంతా నిద్రపోతున్నట్టే లెక్క. క్లాంపు పెడితే మొదటి సెట్టు నుంచి 1.6, రెండో దాని నుంచి 1.5 బయటికి వస్తున్నాయి. మూడో దానిలోకి 3.1 వెళ్తోంది. పెద్దన్నలిద్దరూ సంపాదించింది గుట్టుగా చిన్నవాడి చేతిలో పోస్తున్నారు, గుమ్మం దగ్గర లెక్క రాసేవాడికి ఏమీ కనబడదు. మా షంటు ఆ గుమ్మం దగ్గరే కూర్చుంది. సెట్లు తమలో తాము ఇచ్చిపుచ్చుకునే కరెంటు దాని గుండా పోనే పోదు.

మూతలు విప్పి హైడ్రోమీటరు (యాసిడ్ చిక్కదనం కొలిచేది, చార్జి తగ్గితే అంకె తగ్గుతుంది) వేస్తే మూడో సెట్టులో రెండో బ్యాటరీ, అందులో ఒక సెల్లు 1.090 దగ్గర ఉంది. మిగతావన్నీ 1.230 దరిదాపుల్లో ఉన్నాయి. సెల్లు లోపల షార్టు అయింది. విడిగా కొలిస్తే ఆ బ్యాటరీ 10.6 వోల్టులే. బ్యాటరీకి ఆరు చొప్పున సెట్టులో 24 సెల్లులుండాల్సింది, 23తో నడుస్తోందన్నమాట. అందుకే రాత్రి లోడు మీద అది వెనకబడి ఉండిపోతుంది. పగలు చార్జింగులో మాత్రం తన వాటాను మించి తాగుతుంది. చార్జింగు వోల్టేజీ 57.6ను 24 సెల్లులకు పంచితే సెల్లుకు 2.4, 23కు పంచితే 2.5. ఆ పైది నిల్వ కాదు, వేడిగా, బుడగలుగా పోతుంది. మీటరు దాన్ని కూడా జమలోనే రాసుకుంటుంది.

ఇక 55 శాతం లెక్క. 450లో 45 శాతం, అంటే 202 ఏహెచ్ వాడేశాం. అది మూడు సెట్లు పంచుకోవాలి, దాదాపుగా రెండే మోశాయి. ఒక్కో దాని మీద నూరు పడింది. మూడేళ్లు దాటిన బ్యాటరీలు 150 ఎక్కడ ఇస్తాయి? దానికి తోడు జమలో రాసిన దొంగ లెక్క. ఇన్వర్టరు ఆగకపోతేనే ఆశ్చర్యం.

అన్నిటికన్నా నన్ను కుట్టిన మాట ఇంకొకటి ఉంది. రెండు నెలల ముందే పిన్నిగారు నాతో అన్నారు, మూడో వరుసకు నీళ్లు ఎక్కువ పడుతున్నాయి బాబూ అని. రెండుసార్లు అన్నారు. ఎండాకాలం కదండీ అని కొట్టిపారేశాను. బుడగలుగా పోయింది ఆ నీళ్లే. వేల రూపాయల మీటరు చెప్పలేనిది చేతిలో నీళ్ల డబ్బా ఉన్న మనిషికి తెలిసింది.

గుడ్ల డబ్బు నేనే ఇచ్చాను. బ్యాటరీ గ్యారంటీ మూడేళ్లు, అది తెచ్చి మూడేళ్ల నాలుగు నెలలు. మూడో సెట్టును పూర్తిగా విప్పేశాం. పాత వాటి మధ్య ఒక కొత్త బ్యాటరీ దూర్చడం నాకు ఇష్టం లేదు, కొత్తది కూడా పాతవాటి దారి పడుతుంది. రెండు సెట్ల మీద నడిపిస్తూ ఫ్రీజరు ఒకటి పగలు మాత్రమే తిరిగేలా పెట్టాం.

ముందే సెట్టుకో మీటరు ఎందుకు పెట్టలేదని అడుగుతారు. ధర కోసం. పార్వతీపురం నుంచి వచ్చి తక్కువకు చేస్తామనే వారితో పోటీ పడి, కొటేషనులో కనబడని చోట కోశాను. ప్యానెళ్లు తగ్గిస్తే మీకు తెలుస్తుంది, షంటు తగ్గిస్తే తెలియదు కదా. ఇలా రాసుకోవడం నాకేమీ సరదాగా లేదు.

ఇప్పుడు చేయబోయేది ఇది. నేను బిగించిన వాటిలో రెండు, మూడు సెట్లున్నవి 23 ఉన్నాయి. వాటన్నిటికీ సెట్టుకు ఒక షంటు, ఒక చిన్న మీటరు, విడిగా ఒక డీసీ ఫ్యూజు, స్విచ్చు పెడతాను. సరుకు నాకు పడిన ధరకే, బిల్లు చూపిస్తాను. కూలి, రాకపోకలు నావి. అంతా ఉచితంగా చేస్తానని చెప్పాలని ఉంది, కానీ చేస్తే దీపావళి నాటికి కొట్టు మూసుకోవాలి. స్విచ్చు ఎందుకంటే, చెడిన సెట్టును రాత్రికి రాత్రి మీరే విడదీసి, నేను వచ్చేలోగా మిగతా వాటితో నెట్టుకురావచ్చు. ఆ పెట్టెలో మామూలు ఇంటి ఎంసీబీ ఎవరి చేతా వేయించకండి. డీసీ నిప్పును అది ఆర్పలేదు.

మీటర్లు వచ్చాక శాతాల వంక చూడటం తగ్గించండి. ముసురు పట్టి పది రోజులు బ్యాటరీ పూర్తిగా నిండకపోతే ఏ మీటరు శాతమైనా దారి తప్పుతుంది. నిండినప్పుడే అది మళ్లీ నూరు దగ్గర కుదురుకుంటుంది. ఆంపియర్లు చూడండి. రాత్రి లోడు ఉన్నప్పుడు సెట్లన్నీ ఇంచుమించు సమానంగా ఇవ్వాలి. ఒకటి పక్కదానిలో సగం కూడా ఇవ్వకపోతే ఫోను చేయండి. లోడు ఆపిన అరగంట తరువాత కూడా ఒకటి ఇస్తూ ఒకటి పుచ్చుకుంటూ ఉంటే అర్ధరాత్రైనా చేయండి. ఆపిన వెంటనే కాసేపు అలా సర్దుకోవడం మామూలే, కంగారు పడవద్దు.

పాత ట్యూబులర్ల పక్కన ఒక లిథియం బ్యాటరీ తగిలించమని ఈ మధ్య ముగ్గురు అడిగారు. తగిలించను. రెండింటి వోల్టేజీ నడక వేరు, చార్జింగు తీరు వేరు. పెట్టేవారు దొరుకుతారు, మీ ఇష్టం.

కొత్తగా పెట్టించుకునేవారికి నా సలహా కూడా మారింది. వీలైతే మూడు సెట్లు వద్దు, 2 వోల్టుల పెద్ద సెల్లులు 24తో ఒకే సెట్టు చాలు. ఖర్చు ముందే ఎక్కువ, వాటిని కొండ ఎక్కించడం మరీ కష్టం. 12 వోల్టులది యాభై కిలోల పైమాటే అయినా ఇద్దరు మోసుకుపోతారు. అందుకే ఇన్నాళ్లూ అవే అమ్మాను. ఇకనుంచి రెండు కొటేషన్లూ ఇస్తాను.

మంగళవారం నుంచి బిస్సంకటక్, మునిగుడ వైపు మొదలుపెడుతున్నాం. హేచరీలు, మందుల ఫ్రిజ్‌లు ఉన్నచోటు ముందు. తరువాత గుణుపురం. కాశీపూర్ వైపు వానలు తగ్గాకే, ఆ దారిలో ఇప్పుడు మా బండి ఎక్కదు. ముందురోజు ఫోను చేసే వస్తాను. ఆ రోజు బ్యాటరీల మీద పెట్టిన బియ్యం బస్తాలు తీసి ఉంచండి. ఎవరికి చెబుతున్నానో వారికి తెలుసు.