గుడి తగాదా కాదిది, గట్టు తగాదా

సంపాదకులు గారికి నమస్కారం.

థాయ్‌లాండ్, కంబోడియా పోరు గురించి నిరుటి నుంచి మన పత్రికలూ టీవీలూ ఒకటే పాట పాడుతున్నాయి: "శివాలయం కోసం యుద్ధం". ముప్పై ఏళ్లు సర్వే శాఖలో గొలుసు పట్టినవాణ్ని. ఆ మాట మింగుడు పడక ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండు దేశాల హద్దున ఉన్న డాంగ్రెక్ కొండ మీది ప్రీహ్ విహార్ గుడి, అంటే మన శిఖరేశ్వరుడి గుడి, ఎవరిదన్నది 1962 జూన్ 15నే తేలిపోయింది. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 9–3 తీర్పుతో కంబోడియాకు ఇచ్చేసింది. అక్కడి చిక్కల్లా చుట్టూ ఉన్న 4.6 చదరపు కిలోమీటర్లతోనే. మన లెక్కలో పదకొండు వందల ఎకరాల పైమాటే. గుడి ఉన్న కొండకొమ్ము మొత్తం కంబోడియాదేనని అదే కోర్టు 2013లో చెప్పింది గానీ, పక్క గుట్ట జోలికి పోలేదు.

మూలం సయాంకీ (అప్పటి థాయ్‌లాండ్), కంబోడియాను ఏలుతున్న ఫ్రెంచివాళ్లకూ మధ్య 1904లో జరిగిన ఒప్పందం. కొండ మీద పడ్డ వాన అటు పారితే సయాంది, ఇటు పారితే ఫ్రెంచివాళ్లది. వినడానికి ఎంత బాగుందో! తీరా ఫ్రెంచి అధికారులు గీసిన 1907 నాటి పటంలో గుడి కంబోడియా వైపు పడింది. నీటివాలు చూస్తే గుడి మాదేనని థాయ్‌లాండ్ వాదన. అప్పుడే ఎందుకు అడ్డు చెప్పలేదన్నది కోర్టు ప్రశ్న. అడ్డు చెప్పడం మాట అటుంచి, 1908లో సయాం రాకుమారుడు దామ్రోంగ్ పటాలు అందాయని కృతజ్ఞతలు చెప్పి, గవర్నర్లకు పంపడానికి ఇంకో 15 ప్రతులు అడిగాడు. హద్దు ఖరారైందని సర్వే శాఖ ఇచ్చే 9(2) నోటీసు అందుకుని, గడువులోగా అప్పీలుకు పోకుండా తర్వాత లబోదిబోమనేవాళ్లను మా శాఖలో ఎంతమందిని చూశామో.

ఇక స్కేలు. కంబోడియా చూపించేది 1:2,00,000 పటం. అందులో మిల్లీమీటరు మందం గీత నేల మీద 200 మీటర్లు. థాయ్‌లాండ్ వాడేది 1:50,000. అదే గీత అక్కడ 50 మీటర్లు. మా ఎఫ్‌ఎంబీ స్కెచ్ (పొలం కొలతల పటం) 1:2000 అయితే మిల్లీమీటరుకు రెండే మీటర్లు, దానికే గట్ల మీద తలలు పగిలాయి. ఒకసారి ఇద్దరు పాలివాళ్ల మధ్య జానెడు గట్టు కొలవడానికి వెళ్లాను. ఒకాయన చేతిలో పాత స్కెచ్ నకలు, ఇంకొకాయన చేతిలో రీసర్వే తర్వాతది. రెండిటి మీదా సర్కారు ముద్రే. ఎవరూ అబద్ధమాడటం లేదు. హద్దురాయి మాత్రం చేలో లేదు. వెతగ్గా వెతగ్గా పెద్దాయన పెరట్లో బట్టలుతికే బండగా దొరికింది.

పోయిన ఏడాది మే 28న చోంగ్ బోక్ దగ్గర ఒక కంబోడియా సైనికుడు చనిపోయాడు. జులై 24న తా ముయెన్ థోమ్ దగ్గర కాల్పులు మొదలయ్యాయి. అది ప్రీహ్ విహార్ కాదు, పడమటగా ఉన్న వేరే గుడి. ఐదు రోజుల్లో అటూ ఇటూ మూడు లక్షల మంది ఇళ్లు వదిలారు. అక్టోబరులో కౌలాలంపూర్‌లో సంతకాలైనా డిసెంబరులో మళ్లీ రాజుకుంది. ఈసారి ఐదు లక్షలకు పైగా జనం గూడు వదిలి శిబిరాలకు చేరారు. డిసెంబరు 27న తుపాకులు ఆగాయి. గీత మాత్రం ఎక్కడిదక్కడే.

ఆ డిసెంబరులోనే సరిహద్దులో విష్ణు విగ్రహాన్ని థాయ్ సైన్యం యంత్రంతో పడగొట్టిన వీడియో మా వీధి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. "వేల ఏళ్ల విగ్రహం" అని కింద రాశారు. కంబోడియా అధికారులే అది 2014లో కట్టిందని చెప్పారు. కూల్చడం తప్పే, మన విదేశాంగ శాఖ విచారం చెప్పడమూ సబబే. కానీ దాన్ని పట్టుకుని ఇక్కడ మతం చర్చ పెట్టినవాళ్లు, కొట్టుకుంటున్న రెండు దేశాలూ బౌద్ధులవేనని చూడలేదు.

ప్రీహ్ విహార్ పరిరక్షణ కోసం ఏర్పడిన అంతర్జాతీయ కమిటీకి మన దేశం సహాధ్యక్ష స్థానంలో ఉంది. రాళ్లు అతికించడంతో సరిపెట్టక, ఇద్దరి సర్వేయర్లూ ఒకే పరికరంతో కొండ మీద కలిసి కొలిచేలా ఢిల్లీ మాట సాయం చెయ్యాలి. మీకూ ఒక మనవి. ఈసారి ఆ వార్త వేసేటప్పుడు గుడి గోపురం ఫొటో బదులు పటం వెయ్యండి, స్కేలుతో సహా.

— విశ్రాంత మండల సర్వేయరు, తెనాలి