మార్కోవ్నికోవ్ మన తోటకొచ్చాడు

నార్పల,
ఆదివారం

ఒరేయ్ గోలీగా,

రెండు నెలలకు జవాబు రాస్తున్నా, తిట్టుకో. అమ్మ బాగుంది, మోకాళ్ళ నొప్పులు మామూలే. చిన్నోడు బడికి పోతున్నాడు. అసలు సంగతి విను.

పోయిన నెల చీనీ తోట ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నీళ్ళు లేక కాయ చెట్టుమీదే వాడుతోంది. రిపేరు షెడ్డుకు తీసుకుపోతే, మా తర్వాత కారులో వచ్చినాయనది ముందు చేసి పంపారు. నాకు కోపానికి బదులు నవ్వొచ్చింది రా. కెమిస్ట్రీ క్లాసులో ఆ రష్యా సైంటిస్టు మార్కోవ్నికోవ్ రూలు గుర్తుందా? డబుల్ బాండ్‌కు హైడ్రోజన్ చేరేటప్పుడు, హైడ్రోజన్ ఎక్కువున్న కార్బన్‌కే ఇంకో హైడ్రోజన్! ‘అంటే ఉన్నోళ్ళకే పెడతారా సార్’ అని నువ్వు బెంచీ ఎక్కలేదూ?

సరే, కూర్చున్నా. పక్కన ట్రాన్స్‌ఫార్మర్ నూనె డ్రమ్ము మీద ‘నాఫ్తనిక్’ అని ఉంది, అంటే నాఫ్తీన్లు ఎక్కువున్న నూనె. వెంటనే నువ్వే గుర్తొచ్చావ్. నాఫ్తీన్లంటే ‘బీరువాలో వేసే గోలీలు’ అని పరీక్షలో రాశావు కదా! అవి నాఫ్తలీన్ రా, ఆరోమాటిక్, అంటే బెంజీన్ లాంటి ఉంగరాలున్నది. నాఫ్తీన్ ఉంగరంలో డబుల్ బాండ్ ఒక్కటీ ఉండదు. సారు లోపల గీతల్లేకుండా గీసిన షడ్భుజి, ఆ సైక్లోహెక్సేన్, నాఫ్తీనే. ముడి చమురులోనే ఉంటాయివి. ఇంటికొచ్చి చూస్తే, 1880లలో అజర్‌బైజాన్‌లోని బాకు ఊరి చమురును పరీక్షించి వీటికి ఆ పేరు పెట్టింది కూడా మార్కోవ్నికోవే! వదలడు రా మనల్ని.

ఈ నూనెలో మైనం తక్కువ, చలికి గడ్డకట్టదన్నాడు షెడ్డు పెద్దాయన. ‘అనంతపురంలో చలెక్కడిది తాతా’ అన్నా. ‘కాగి కాగి మడ్డి పుడుతుంది కదప్పా, దాన్ని చాలావరకు తనలోనే కరిగించుకుంటుంది, లోపలి తీగ చుట్టకు అంటుకోనివ్వదు’ అన్నాడు. తర్వాత మా పాత నూనె గిన్నెలో పోసి, 2.5 మిల్లీమీటర్ల సందులో రెండు గుండ్ల మధ్య వోల్టేజీ పెంచుతూ పోయాడు, నూనె ఎంతవరకు ఆపుతుందో చూడ్డానికి. 14 కిలోవోల్టులకే టప్ మని నిప్పురవ్వ దూకింది! నూనెలో తేమ చేరింది. వేడిచేసి వడగట్టాక 50 దాటింది.

తప్పు నాదే. ట్రాన్స్‌ఫార్మర్‌కుండే గాజు డబ్బాలో సిలికా జెల్ గుళికలు నీలంగా ఉండాలట, తేమ పీల్చి నిండితే గులాబీ రంగుకు తిరుగుతుందట. నేనేమో భలే ఉందని ఫోటో తీసి నీకు పంపలా? నువ్వూ ‘సూపర్’ అన్నావు, దొంగా.

ఆఁ, నీ బండి పెట్రోల్లోనూ ఈ నాఫ్తీన్ల చెయ్యి ఉంది. రిఫైనరీలో ప్లాటినం మీద కాగినప్పుడు సైక్లోహెక్సేన్ ఆరు హైడ్రోజన్లు వదిలేసి బెంజీన్ అవుతుంది, మిథైల్ తగిలించుకున్నది టోలుయిన్. ఆక్టేన్ నంబరు పెరుగుతుంది, ఇంజిన్ కొట్టుకోదు. చూశావా, ఇక్కడ మాత్రం ఉన్నోడే వదులుకుంటాడు! నీ రూలుకు ఇదొక్కటే ఎదురు. ఆ హైడ్రోజన్ని మళ్ళీ ఎక్కడ వాడతారంటే

త్రీ ఫేజ్ వచ్చింది రా, మోటారు వేయాలి. ఉంటా.