ఎపిసోడ్ అయిపోకముందే తరిమేస్తున్న మీ యాప్ గురించి ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ వాళ్ళకి నమస్తే,

ఫిర్యాదు తెలుగులో కూడా రాయొచ్చని మీ హెల్ప్ పేజీలో చూశా, అందుకే తెలుగులోనే రాస్తున్నా. ఇంగ్లీషులో ఇప్పటికే మీ చాట్‌బాట్‌తో రెండుసార్లు కొట్టుకున్నాను. ఫాల్టీ టవర్స్ అని ఓ హోటల్ చుట్టూ తిరిగే పాత టీవీ కామెడీ ఉంది, అది మొదట్లో కట్ అవుతోంది అంటే, సారీ మేం హోటల్ బుకింగులు చూడం అంది. నవ్వొచ్చింది కానీ పని అవ్వలేదు.

నేనుండేది లండన్ దగ్గర స్లౌ అనే ఊళ్ళో, 2004లో వచ్చాను, ఇప్పుడు పాస్‌పోర్టు కూడా ఇక్కడిదే. వచ్చిన కొత్తలో ఎవరికైనా మా ఊరి పేరు చెప్తే ముసిముసిగా నవ్వేవాళ్ళు, ఎందుకో అర్థమయ్యేది కాదు, తర్వాత తెలిసింది 2001లో వచ్చిన ది ఆఫీస్ అనే టీవీ కామెడీ కథంతా మా ఊళ్ళోనే జరుగుతుందని. డీవీడీ కొనుక్కుని చూస్తే వెనకాల నవ్వుల సౌండ్ ఒక్కటి లేదు, ఎక్కడ నవ్వాలో మనమే వెతుక్కోవాలి, అందులో మేనేజరు డేవిడ్ బ్రెంట్ ఓ జోకేసి కెమెరా వైపు చూస్తాడు, చుట్టూ ఉన్నవాళ్ళు ఏమీ అనరు, ఆ ఏమీ అనకపోవడమే జోకు అని నాకు ఎక్కేసరికి నాలుగైదు ఎపిసోడ్లు పట్టింది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే ఆ ఏమీ అనని చోటే మీ యాప్‌కి నచ్చట్లేదు, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ దూరిపోతోంది.

మా నాన్నగారు రాజమండ్రి నుంచి ఆర్నెల్లు ఉందామని వచ్చారు. రైల్వేలో గుమాస్తాగా రిటైరయ్యారు, ఇంగ్లీషు బాగా చదువుతారు కానీ చెవి కొంచెం మందం, పైగా ఇక్కడి యాస అందదు. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని పాత బ్రిటిష్ కామెడీలు చూద్దామనుకున్నాం, మీ ప్లాన్ తీసుకున్నది దానికోసమే.

ముందు ఫాల్టీ టవర్స్. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండే ఎపిసోడ్లు. ఎపిసోడ్ మొదట్లో హోటల్ ముందు బోర్డు చూపిస్తారు కదా, ఎప్పుడు చూసినా దానికేదో తేడా చేసి ఉంటుంది, ఓ అక్షరం వేలాడుతూనో, ఊడిపోయో, రెండో సిరీస్‌కి వచ్చేసరికి అక్షరాలన్నీ అటూ ఇటూ మార్చేసి ఒకసారి వాటరీ ఫౌల్స్ అని, ఇంకోసారి ఫార్టీ టవెల్స్ అని. ఈ రెండోది నాన్నగారికి తెలుగులో చెప్తే పిత్తుల తువ్వాళ్ళు, ఆయన చాలాసేపు కళ్ళు తుడుచుకున్నారు. కానీ అది చూడాలంటే నేను ప్రతిసారీ రిమోట్‌తో వెనక్కి లాగాలి, ఎందుకంటే మీ యాప్ నన్ను అడగకుండానే ఇంట్రో దాటేస్తుంది, సెట్టింగ్‌లో ఆఫ్ చేస్తే మర్నాటికి మళ్ళీ ఆన్ అయి ఉంటుంది. ఇంకో మాట, కథలో ఆ హోటల్ టార్కీలో ఉన్నట్టు చెప్తారు గానీ ఆ బిల్డింగ్ నిజానికి మాకు దగ్గర్లోనే, బకింగ్‌హామ్‌షైర్‌లో బోర్న్ ఎండ్ దగ్గర వుబర్న్ గ్రేంజ్, 1991లో తగలబడింది. వెళ్ళి చూద్దామన్నా ఇప్పుడు లేదు, మీరు దాటేయిస్తున్న ఆ కొన్ని సెకన్లలోనే ఉంది.

చివర్లో ఇంకా దారుణం. డాడ్స్ ఆర్మీ అయ్యాక యు హావ్ బీన్ వాచింగ్ అని వేసి ఆ ముసలి సైనికుల్ని ఒక్కొక్కళ్ళనే పేరుతో చూపిస్తారు, నాన్నగారికి ఎపిసోడ్ కన్నా అదే ఇష్టం, ఎవరు ఏ వేషం వేశారో అప్పుడు చూసుకుంటారు. మీ యాప్‌లో ఆ టైముకి బొమ్మ అగ్గిపెట్టంత అయిపోయి మూలకి పోతుంది, అయిదు సెకన్లలో తర్వాతి ఎపిసోడ్. "ఒరేయ్, ఇంకా ఏదో వస్తోంది, ఎందుకు మార్చావ్" అని తిట్లు నాకు. ఆ సీరియల్‌వి మూడు ఎపిసోడ్లు ఇప్పటికీ దొరకలేదు, అప్పట్లో టేపు ఖరీదని బీబీసీ వాళ్ళే చెరిపేసి మళ్ళీ వాడేసేవాళ్ళు. వాళ్ళకి టేపు ఖర్చన్నా ఉంది, మరి మీకేం ఖర్చు?

యాడ్స్ సంగతి. చవక ప్లాన్ కాబట్టి యాడ్స్ వస్తాయి, ఒప్పుకునే తీసుకున్నా, దాని మీద గొడవ లేదు. కానీ ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్ అనే కామెడీ యాడ్స్ ఉండని బీబీసీ కోసం తీసింది, మధ్యలో బ్రేక్ వస్తుందని రాసినవాళ్ళు గానీ తీసినవాళ్ళు గానీ అనుకోలేదు, కాబట్టి ఎక్కడ ఆపాలో ఓ మనిషి కూర్చుని చూసి పెట్టాలి. 1989 నాటి ఆ బార్ సీన్ ఈ దేశంలో అందరికీ తెలుసు, హీరో డెల్ బాయ్ స్టైల్‌గా కౌంటర్‌కి ఆనుకుని నిలబడి ఉంటాడు, కాస్త పక్కకి జరుగుతాడు, ఆలోపు బార్‌వాడు కౌంటర్ పలక పైకెత్తి బయటికొస్తాడు, డెల్ మళ్ళీ ఆనుకోబోయి కొయ్యలా పక్కకి పడిపోతాడు. మీవాళ్ళు బ్రేక్ ఎక్కడ పెట్టారో తెలుసా, పలక ఎత్తినాక, పడకముందు. రెండు కార్ ఇన్సూరెన్స్‌లు, ఓ పిజ్జా, తర్వాత డెల్ బాయ్ నేల మీద. నాన్నగారు "పాపం వీడికేమైంది, కళ్ళు తిరిగాయా" అన్నారు. ఇదే సీరియల్ 1996 క్రిస్మస్‌కి 2 కోట్ల 43 లక్షల మంది చూశారు, వాళ్ళలో ఒక్కరిని అడిగినా బ్రేక్ ఎక్కడ పెట్టకూడదో చెప్పేవాళ్ళు.

సబ్‌టైటిల్స్ మాటలకన్నా నాలుగు సెకన్లు ఆలస్యం. అదన్నా సర్దుకోవచ్చు, యెస్ మినిస్టర్‌లో చేసింది మాత్రం మరీ అన్యాయం. సర్ హంఫ్రీ అనే ఆఫీసరు మంత్రికి సూటిగా జవాబు చెప్పాల్సొస్తే ఒకే వాక్యాన్ని ఊపిరి తిప్పుకోకుండా సాగదీస్తాడు, మన జంధ్యాల సినిమాల్లో సుత్తి కొడతారే అలా, కాకపోతే ఇది గవర్నమెంటు సుత్తి. ఆ పొడవే అక్కడ జోకు. మీ సబ్‌టైటిల్ వాళ్ళు దాన్ని చక్కగా అర్థమయ్యేలా రెండు లైన్లకి కుదించారు! ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళ మీద అలాంటి నోట్లు చదివిన మనిషి మా నాన్నగారు, ఆయనకన్నా బాగా నవ్వేవాళ్ళు మీకు ఎవరూ దొరకరు, ఆయనేమో "బానే చెప్పాడుగా, మంత్రికి అర్థం కాకపోవడమేంటి" అని నన్ను అడుగుతున్నారు.

ఇవన్నీ ఓర్చుకున్నా. పోయిన ఆదివారం బ్లాకాడర్ అనే కామెడీ ఆఖరి ఎపిసోడ్ చూశాం, 1989 నవంబర్ 2న వచ్చింది, మొదటి ప్రపంచ యుద్ధం, కందకాల్లో సైనికులు. అరగంట నవ్వించి చివర్లో అందరూ కందకం ఎక్కి తుపాకుల ఎదురుగా పరిగెడతారు, బొమ్మ నెమ్మదిస్తుంది, పొగ, ఆ నేలే మెల్లగా ఎర్ర గసగసాల పూల తోటగా మారుతుంది, పిట్టల కూత తప్ప ఇంకేం వినపడదు. నాన్నగారు కుర్చీలో ముందుకి వంగి చూస్తున్నారు, సబ్‌టైటిల్‌తో పని లేని సీను, పూలు ఇంకా పూర్తిగా రానే లేదు, బొమ్మ మూలకి పోయింది, డేటింగ్ షో ట్రైలర్, ఈత కొలనులో ఎవరో కేకలు, సౌండ్ రెండింతలు. ఆయన ఏమీ అనలేదు, లేచి మంచినీళ్ళు తాగి పడుకున్నారు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ అడిగారు, "రాత్రి వాళ్ళు బతికారా" అని.

నాకు కావాల్సింది ఇది. ఇంట్రో దాటేయడం, తర్వాతిది దానంతటదే మొదలవడం, ఈ రెండూ ఒకసారి ఆఫ్ చేస్తే మళ్ళీ ఆన్ అవ్వకూడదు, టీవీలో ఆఫ్ చేస్తే ఫోన్‌లో కూడా అయిపోవాలి. యెస్ మినిస్టర్‌కి పూర్తి సబ్‌టైటిల్స్ పెట్టండి, బార్ సీన్‌లో బ్రేక్ తీసేయండి. ఈ నెల 9 పౌండ్లు వెనక్కివ్వండి. బీబీసీకి 2025లో టీవీ చూసేందుకు ఏటా కట్టే లైసెన్స్ ఫీజు 174.50 పౌండ్లు సణుక్కుంటూ కట్టాను, వాళ్ళని ఇంత తిట్టుకోవాల్సి రాలేదు.

జవాబు మనిషి చేత రాయించండి, బాట్ చేత వద్దు. నాన్నగారికి వచ్చే నెల 14న ఫ్లైట్, ఈలోపు సరిచేస్తే ఆ ఆఖరి ఎపిసోడ్ మళ్ళీ పెడతా, లేకపోతే అటక మీద పాత డీవీడీ ప్లేయర్ ఉంది, దించుతా.

ఇట్లు,
స్లౌ నుంచి మీ సబ్‌స్క్రైబర్, ఇంకో నెల వరకు